వశిష్ఠ ఒడ్డున నూలు నగ

గోదావరి డెల్టాలో దారం మొదటి నుంచీ నగే. పెళ్ళిలో పుట్టింటి సూత్రం, అత్తింటి సూత్రం బంగారానివైనా వాటిని మోసేది పసుపు పట్టించిన నూలు పేటల తాడు. మూడు ముళ్ళు పడేది దానికే. బంగారం కొనలేని ఇంట సూత్రాల బదులు పసుపుకొమ్ము కడతారు. తాడు లేకుండా మాత్రం పెళ్ళి జరగదు. వరలక్ష్మీ వ్రతంనాడు ముంజేతికి కట్టే తొమ్మిది పోగుల, తొమ్మిది ముళ్ళ తోరం, పసిపిల్లల మొలతాడు, జడ చివర వేలాడే కుచ్చులు, మెడకు సరిపడేలా పేరును బిగించే పట్టుతాడు కూడా ఈ కోవలోవే. తూకానికి రావు, తాకట్టుకు పనికిరావు, మాసినా అరిగినా కొత్తవి వస్తాయి. అందుకే నగల చరిత్రలో వీటికి చోటు దక్కలేదు. నిజానికి డెల్టా స్త్రీలు ఒంటిమీద ఎక్కువకాలం ఉంచుకున్న అలంకారాలు ఇవే.

ఈ నేలకు మరో దారపు పని పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ ప్రచారకులతో గోదావరి డెల్టా మిషన్ మొదలై, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడింది. మాక్రే అనే స్కాట్లండు దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి స్త్రీలకు లేసు అల్లడం నేర్పారని ప్రతీతి. ఇందులో మగ్గం లేదు, పడుగు పేక లేవు. కొసన చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక సూది దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోతుంది. వంటపని మధ్యలో ఆపవచ్చు, మళ్ళీ అక్కడి నుంచే అందుకోవచ్చు. దాదాపు అదే కాలంలో ఐర్లండులో బంగాళాదుంప పంట పోయి కరువు వచ్చినప్పుడు అక్కడి పేద కుటుంబాలకూ ఈ సూదే ఆసరా అయింది.

నరసాపురం రేవుకు ఎదురుగా, గోదావరి పాయ వశిష్ఠకు అవతలి గట్టున సఖినేటిపల్లి. ఆ వైపున్న కోనసీమలో రాజోలు ప్రాంతానికీ, అమలాపురం దాకానూ లేసు పని పాకింది. వ్యాపారుల తరఫున ఏజెంట్లు ఇంటింటికీ దారం పంచి, అల్లిక తీసుకుని, ముక్క లెక్కన కూలి ఇచ్చేవారు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన నరసాపురం లేసు కార్మికుల అధ్యయనం ఈ ఏర్పాటును విప్పి చూపింది. పువ్వులు, బద్దీలు అల్లే చేతిపని ఒకరి వంతు, వాటిని కలిపే అతుకుపని మరొకరి వంతు. పూర్తయిన దుప్పటిని పువ్వు అల్లిన స్త్రీ చూసేదే కాదు. మొదట దళిత క్రైస్తవ స్త్రీలు నేర్చిన ఈ పని తరవాత కాపు కుటుంబాల్లోకీ వెళ్ళింది. ఘోషా పాటించే ఇళ్ళలో గడప దాటకుండా చేసే పని కాబట్టి దానికి గౌరవం దక్కింది. ఆ గౌరవమే కూలిని కిందికి నొక్కింది: లేసు అల్లేవారిని కార్మికులుగా కాక తీరిక వేళ పొద్దుపుచ్చే గృహిణులుగా లెక్కగట్టారు. ఇది పెద్ద అన్యాయం. విదేశీ మారకద్రవ్యం తెచ్చిన పరిశ్రమ ఒకటి ఇన్ని దశాబ్దాలు ఇంటిపని పేరున దాగిపోయింది.

ఎగుమతి సరుకులో ఎక్కువ భాగం బల్లగుడ్డలు, మంచపు దుప్పట్లు, దుస్తుల అంచులు. అల్లికను నగగా చూసే కళ్ళు వేరే చోట తెరుచుకున్నాయి. అమెరికాలో ఆర్లైన్ ఫిష్ వెండి, రాగి తీగలతో అల్లుతూ, నేస్తూ, ఆ పద్ధతులను 1975లో పుస్తకంగా వెలువరించారు. ఇంగ్లండులో కరోలిన్ బ్రాడ్‌హెడ్ నూలుతో, నైలాన్ పోగులతో కంకణాలు, హారాలు చేశారు. నగ విలువ లోహం బరువులో కాక పనితనంలో ఉందన్నది ఆ తరం వాదన. తుర్కియేలో తలగుడ్డ అంచుకు సూదితో అల్లే ఓయా పువ్వులు కూడా హారాలుగా, చెవిపోగులుగా మారాయి.

కోనసీమ లేసుకూ నగగా మారగల లక్షణాలన్నీ ఉన్నాయి. సన్నని మెరుపు నూలుతో అల్లిన పువ్వుకు గంజి పట్టించి ఆరబెడితే ఆకారం నిలుస్తుంది, చెవికి బరువుండదు. రింగు చుట్టూ అల్లుకుంటూ పోతే చెవిపోగు, పువ్వులను గొలుసుకట్టుతో కలిపితే హారం. దుప్పటికి నెలలు పట్టవచ్చు గానీ చెవిపోగుల జత ఒక పూటలో తేలుతుంది. అంతకన్నా ముఖ్యం, దాన్ని మొదటి ఉచ్చు నుంచి చివరి ముడి దాకా ఒకే మనిషి చేయవచ్చు. చేతిపని, అతుకుపని అనే విభజన అక్కడ అవసరం లేదు.

గత దశాబ్దంలో ఆంధ్రదేశమంతటా ఇళ్ళలో సాగిన సిల్కు దారపు నగల పని లేసు కన్నా తేలికైనది. గాజు మీదో, బుట్ట ఆకారపు దిమ్మ మీదో జిగురు రాసి రంగు దారం ఒత్తుగా చుట్టి, రాళ్ళ గొలుసు అంటిస్తారు. చీర రంగుకు తగ్గ గాజులు, బుట్టలు చవకగా వస్తాయి కాబట్టి అది త్వరగా పాకింది. లేసుకు కావలసిన ఏళ్ళ చేతివాటం దీనికి అక్కర్లేదు. కొబ్బరి పీచుతోనూ నగలు చేయవచ్చు. అంబాజీపేట చుట్టుపక్కల పీచుకు కొదవ లేదు. అయితే బిరుసైన ఆ నార ఒంటికి గీసుకుంటుంది కనుక చేతి కంకణం కన్నా పతకానికి నయం. బండారులంక, పుల్లేటికుర్రు నేతగుడ్డల ముక్కలను చుట్టి పూసలు చేయడానికీ వీలుంది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పశ్చిమ గోదావరితో పాటు కోనసీమలో అల్లే ప్రాంతాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. ఆ గుర్తింపు కాపాడేది సరుకు పేరును, పుట్టిన చోటును. కూలి రేటును కాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఆ పేరు వాడుకోవాలంటే ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. రాజోలులో చెవిపోగులు అల్లే స్త్రీ తన సరుకును ఆ పేరుతో అమ్ముకోవాలన్నా ఆ నమోదు కావలసిందే.