ఎడ్లబండి పాయె, సోలార్ వ్యాన్ వచ్చె

ఆర్వీలంటే అమెరికా వాళ్ళ సరదా, మనకెక్కడివి అన్నాడు మా టీములో ఒకతను. వరంగల్ వాడిగా నేనొప్పుకోను. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతరకి గూడుబండ్లు కట్టుకుని పోయి, బండి పక్కన వండుకుని, బండిలోనే పడుకున్నవాళ్ళం మనం. వెలుగంటే ఓ లాంతరు. కిరసనాయిలు ఎంత పట్టుకెళ్ళాలన్నదే అప్పటి సైజింగు: ఎన్ని రాత్రులు, రాత్రికెంత, దారిలో దొరుకుతుందా?

ఇప్పుడదే ప్రశ్న నా నెత్తిన పడింది. వచ్చే జాతరకి వ్యాన్‌లో తీసుకుపొమ్మన్నాడు నాన్న. ఆయనకి రాత్రంతా సీపాప్ మెషిన్ నడవాలి. మధ్యలో ఆగితే నిద్రలో ఊపిరికి ఇబ్బంది. షాపుల్లో అడిగితే ఒకటే మాట, "పెద్ద ప్యానెల్ వేయించుకోండి సార్".

పెద్దది వేస్తే సరిపోతుందా? మన కాకతీయుల్ని అడగండి. 13వ శతాబ్దంలో, గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులు చూడండి. గుట్టల మీద పడే వాన ప్యానెల్ అనుకుంటే, చెరువు బ్యాటరీ, ఆయకట్టు లోడు, తూము స్విచ్చు. మత్తడి? అచ్చంగా ఛార్జ్ కంట్రోలరే, నిండాక ఎక్కువైంది బయటికి పంపి కట్టని కాపాడుతుంది. వాగు చిన్నదైతే ఎంత పెద్ద కట్ట వేసినా చెరువు నిండదు. కట్ట చిన్నదైతే వచ్చిన నీళ్ళన్నీ మత్తడి దూకి పోతాయి. అందుకే గొలుసుకట్టు, పై చెరువు వదిలింది కింది చెరువు పట్టుకుంటుంది. పాకాల కింద నేటికీ వరి పండుతోంది మరి!

ఒక్క ప్యానెల్‌నో ఒక్క బ్యాటరీనో నమ్ముకుంటే ఏమవుతుందో 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం చూపించింది. అందులో రెండు ట్రాన్స్‌మిటర్లు. మెర్క్యురీ బ్యాటరీది మార్చిలో మొదలై జూన్‌కే మూగబోయింది. సోలార్ సెల్స్‌ది 1964 దాకా పలికింది. అయితే సోలార్ దానికి నిల్వ లేదు, నీడలోకి వెళ్తే నిశ్శబ్దం. ఉపగ్రహానికైతే పరవాలేదు, మా నాన్నకి రాత్రే కదా కావాల్సింది.

సరే, లెక్క. తేమనిచ్చే హీటర్ ఆపితే (డాక్టర్ సరేనన్నాడు) మెషిన్‌కి 40 వాట్లు, 8 గంటలకి 320 వాట్-అవర్లు. ఫ్యాను, లైటు, ఫోన్లు కలిపి రోజుకి 500 అనుకోండి. మాఘంలో మంచి ఎండ 5 గంటలు, నష్టాలు కూడా వేసుకుంటే 150 వాట్ల ప్యానెల్ చాలు. అసలు చిక్కు బ్యాటరీతోనే. జాతర నాలుగు రోజులు, అంటే మూడు రాత్రులు. మబ్బు పట్టినా, దుమ్ము కప్పినా నడవాలంటే 1500 నిల్వ ఉండాలి. లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి కాబట్టి 12 వోల్టులకి 250 ఆంపియర్-అవర్లు. దాదాపు క్వింటాలు బరువు, ఎద్దులైతే మొరాయించేవి :) లిథియం ఫాస్ఫేట్‌లో 150 సరిపోతుంది, బరువు 20 కిలోల లోపే.

ఇంకో పేచీ ఉంది. మన పెద్దవాళ్ళు చెట్టు నీడ చూసి బండి విప్పేవాళ్ళు. ప్యానెల్‌కి కొమ్మ నీడ పడితే చాలు, కరెంటు సగానికి పైగా పడిపోవచ్చు. అందుకని వ్యాన్ నీడలో, ప్యానెల్ ఎండలో, మధ్యన పది మీటర్ల మందపాటి వైరు. దాని మీద ఎవరూ తడి చీరలు ఆరేయకుండా చూసే డ్యూటీ మా తమ్ముడిది.