జెట్ విమానాల్లో ఇంజిన్ వైఫల్యం

ఎగురుతున్న జెట్ విమానానికి ఇంజిన్ నుంచి అందే తోపుడు బలం తగ్గిపోవడాన్ని, లేదా పూర్తిగా ఆగిపోవడాన్ని ఇంజిన్ వైఫల్యం అంటారు. ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. ఉన్న ఎత్తును ఖర్చు పెట్టుకుంటూ జారుతూ దిగుతుంది. ఆ కాస్త వ్యవధిలో పైలట్ చేతిలో ఏం మిగులుతుందన్నది విమానం తయారీని బట్టి ఉంటుంది.

కారణాలు

పక్షి తగలడం, ఇంధనం అందకపోవడం, బ్లేడు విరగడం, కంప్రెసర్‌లో గాలి ప్రవాహం చెదరడం ముఖ్య కారణాలు. దహన గదిలో మంట ఆరిపోతే దాన్ని ఫ్లేమౌట్ అంటారు. లోపలి భాగాలు దెబ్బతినకపోతే, ఎదురుగాలికి తిరుగుతున్న ఇంజిన్‌ను చాలాసార్లు గాలిలోనే మళ్లీ వెలిగించవచ్చు.

ఒంటి ఇంజిన్

హైదరాబాద్ శివారు కీసర వాసులకు హకీంపేట వైమానిక దళ కేంద్రం శిక్షణ విమానాల మోత పరిచయమే. ఆ కేంద్రం చాలాకాలం వాడిన కిరణ్ జెట్‌ను వి.ఎం.ఘాటగే నాయకత్వంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించింది. అది 1964 సెప్టెంబర్ 4న తొలిసారి ఎగిరింది. బోధకుడు, శిక్షణార్థి పక్కపక్కనే కూర్చుంటారు. ఇంజిన్ మాత్రం ఒక్కటే. ఏ కారణంతోనైనా విమానం చేయి దాటితే ఎజెక్షన్ సీటే దిక్కు. 2017 సెప్టెంబర్ 28న హకీంపేట నుంచి లేచిన ఒక కిరణ్ కీసర మండలం అంకిరెడ్డిపల్లి దగ్గర కూలింది. పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్‌తో దిగి బతికాడు.

జంట ఇంజిన్లు

బిజినెస్ జెట్ ప్రయాణికులకు అలాంటి సీట్లు ఉండవు. వాళ్లకు భరోసా రెండో ఇంజినే. 1963లో ఎగిరిన లియర్‌జెట్ 23లో రెండు ఇంజిన్లను తోక దగ్గర, విమాన దేహానికి ఆనించినట్టు అమర్చారు. దీనివల్ల ఒకటి ఆగినా విమానం పక్కకు లాగడం తక్కువ. పెద్ద బిజినెస్ జెట్‌లు రన్‌వేపై, ఇక ఆగకుండా లేవాల్సిన నిర్ణయ వేగం దాటాక ఒక ఇంజిన్ పోయినా రెండోదానితో పైకి లేవగలగాలి. 1976లో ఎగిరిన ఫాల్కన్ 50కి మూడు ఇంజిన్లు పెట్టారు. ఒక్క ఇంజిన్‌తో 2016లో ధ్రువీకరణ పొందిన సిరస్ విజన్ జెట్‌లో మొత్తం విమానానికే పారాచూట్ కట్టారు.

రెండూ ఒకేసారి

రెండు ఇంజిన్లూ ఒకేసారి పోవడం అరుదు. అయితే రెండింటిలోనూ ఒకే లోపం ముదురుతుంటే జంట ఉండీ లాభం లేదు. 2024 ఫిబ్రవరి 9న అమెరికాలో ఫ్లోరిడాలోని నేపుల్స్‌లో దిగబోతున్న ఛాలెంజర్ 604 అనే జంట ఇంజిన్ల బిజినెస్ జెట్‌లో ఎడమ ఇంజిన్ ఆయిల్ పీడనం పడిపోయిందన్న హెచ్చరిక వచ్చింది. సెకను తిరగకుండానే కుడి ఇంజిన్‌కూ అదే హెచ్చరిక. రెండు ఇంజిన్లూ పోవడంతో పైలట్లు విమానాన్ని హైవేపై దించారు. వారిద్దరూ చనిపోయారు, మిగతా ముగ్గురు బయటపడ్డారు. కంప్రెసర్‌లోకి గాలిని సర్దే యంత్రాంగానికి పట్టిన తుప్పు దర్యాప్తులో బయటపడింది. జంట ఇంజిన్లకు కావలసింది రెండు వేర్వేరు ఆరోగ్యాలని, అది నేల మీది తనిఖీతోనే తేలుతుందని ఈ ఘటన చూపింది.