టైరు మీద రాయని అంకె

కార్వేటినగరంలో మా మేనమామ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. రెండు తలుపులది. చాలా ఏళ్ళుగా కదలలేదు. పోయిన సంక్రాంతికి దాన్ని రోడ్డెక్కిద్దాం అనుకున్నాం. ఇంజను లేచింది, బ్రేకులు కుదిరాయి, టైర్ల దగ్గర ఆగిపోయాం. పాత టైరు పక్కన సగం చెరిగిన అచ్చులో 5.20-13 అని ఉంది. పుత్తూరులో టైర్ల షాపాయన చూసి, "ఈ నంబరు ఇప్పుడు రాదు సామీ. అల్లాయ్ వీల్సు ఏసి 175 ఎక్కించుకోండి, స్పోర్ట్స్ కారు మాదిరి ఉంటాది" అన్నాడు. మామ మొహం వెలిగింది.

ఆ పోలిక ఉత్తదేం కాదు. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో వచ్చింది. దాని చట్రాన్నే కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు స్పోర్ట్స్ కారు చేశారు. మద్రాసు పక్కన వండలూరులో 1961 నుంచి హెరాల్డ్ తయారైంది. యుద్ధకాలపు రన్‌వే మీద షోలవరంలో జరిగిన రేసుల్లో ఫియట్లతో పాటు హెరాల్డులూ పరిగెత్తాయి. ఈ ప్రాంతపు కుర్రాళ్ళకు స్పోర్ట్స్ కారంటే అదే.

ఇంతకీ ఆ అంకె. ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడ్ చదవడమే నా ఉద్యోగం కాబట్టి దాన్ని వదల్లేకపోయాను. 5.20 టైరు వెడల్పు, అంగుళాల్లో. 13 రిమ్ము వ్యాసం, అదీ అంగుళాల్లోనే. మరి టైరు ఎత్తు? ఎక్కడా లేదు. అప్పటి టైర్లకు ఎత్తు దాదాపు వెడల్పంతే ఉండేది. అందరికీ తెలిసినదాన్ని అచ్చులో ఎవరు పోస్తారు! 1946లో మిషెలిన్ రేడియల్ టైరుకు పేటెంట్ తీసుకుంది. ఫ్రెంచివాళ్ళ వెడల్పు మిల్లీమీటర్లలోకి వెళ్ళింది, రిమ్ము మాత్రం అంగుళాల్లోనే ఉండిపోయింది. ఎత్తు వెడల్పులో ఐదింట నాలుగు వంతులకు దిగినా, అదీ రాయలేదు. ఇంకా పొట్టి టైర్లు వచ్చాక గానీ 175/70 అని గీత గీసి రాయాల్సిన అవసరం పడలేదు. 1970లలో మిషెలినే రిమ్మును కూడా మిల్లీమీటర్లలోకి మార్చబోయింది, టీఆర్ఎక్స్ అని. ఆ చక్రాలకు ఆ టైర్లే పట్టాలి. నిలవలేదు. సగం ఫ్రెంచి, సగం ఇంగ్లీషు లెక్కే ఇప్పటికీ నడుస్తోంది.

ఈ ఊరి సంస్థానంలో వేణుగోపాలస్వామి మీద పదాలు కట్టిన సారంగపాణి గుర్తొచ్చాడు. రాగం పేరూ తాళం పేరూ పైన ఉంటాయి. ఎలా పాడాలో ఉండదు. పాడేవాళ్ళకు తెలుసు కదా మరి.

ఆ రాత్రి లెక్కలు వేశాను. పాత టైరు మొత్తం వ్యాసం సుమారు 582 మిల్లీమీటర్లు. షాపాయన చెప్పిన 175/70 ఆర్ 13 అయితే 575. నేను అనుకున్న 145/80 ఆర్ 13 అయితే 562. అంటే నా స్ప్రెడ్‌షీటు ఆయన పక్షాన నిలబడింది! కాస్త సిగ్గేసింది.

కానీ లెక్క టైరుతో అయిపోదు. హెరాల్డ్ రిమ్ము వెడల్పు మూడున్నర అంగుళాలే, దాని మీద 175 కూర్చోదు. వెడల్పు రిమ్ము వేస్తే ముందు చక్రాలు తిప్పినప్పుడు రాసుకుంటాయి. పాతికడుగుల వలయంలో తిరగడం ఈ కారు గొప్ప, చక్రాలు అంత ఒంపు తిరుగుతాయి. అసలు భయం వెనక చక్రాలతో. వాటి ఇరుసులు డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే కీలు మీద ఊగుతాయి. మలుపులో గబుక్కున యాక్సిలరేటరు వదిలితే బయటి చక్రం లోపలికి మడుచుకుని కారు వెనక భాగం పైకి లేస్తుంది. సన్న టైరు ముందే కాస్త జారి ఆ ఊపు తగ్గిస్తుంది. పట్టు ఎక్కువున్న టైరు జారదు, మడతపెడుతుంది. ఆ సన్నదనం పేదరికం కాదు, డిజైన్‌లో భాగం.

ఇదంతా చెప్తే మామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి 145లే వేశాం, ట్యూబులతో. టైరు అంచును పట్టి ఉంచే గట్టు పాత రిమ్ములకు లేదు. స్పీడోమీటరు 60 చూపిస్తే కారు వెళ్ళేది 58.

స్కందపుష్కరిణి వీధిలో మొదటి చుట్టు తిప్పి దిగి, మామ చక్రాల వైపు చాలాసేపు చూశాడు.

"ఏం అల్లుడూ, పిలకాయల బండి మాదిరి ఉండాది గదరా."