మీనంబాక్కం చుట్టూ మన ఇళ్ళు: మహజరు ఎవరికి రాయాలి, ముందు ఏది అడగాలి?



నేను బళ్ళో చదివింది అరవం. తెలుగు అక్షరాలు మా నాయనమ్మ దిద్దించింది. మిగతాది రిటైరయ్యాక పేపర్లు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన కమిటీ మీటింగులో ఎయిర్‌పోర్టుకి మహజరు ఇద్దామని మాట వచ్చింది. తెలుగులో బోర్డు పెట్టమని అడుగుదామని ఒకరు, రాత్రి విమానాల మోత గురించి ఒకరు, మేడ కట్టుకోడానికి పర్మిషన్ గురించి ఒకరు, వాన నీళ్ళ గురించి ఇంకొకరు. చివరికి పన్నెండు కోరికలు ఒకే కాగితం మీదికి ఎక్కాయి. నేను ఆ రోజు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి పాత కాగితాల పెట్టె దించి చూశాక ఇది రాస్తున్నాను.

ముందు పాత కథ కొంచెం. మా తాత నెల్లూరు వైపు నుంచి పల్లావరం రాతి క్వారీల్లో పనికి వచ్చాడు. విమానం మన ఊరికి కొత్తది కాదు. 1910లోనే మౌంట్ రోడ్డులో హోటల్ నడిపే డి ఆంజెలిస్ అనే దొర తను తయారు చేయించిన విమానాన్ని పల్లావరంలో ఎగరేసి చూశాడు. 1931లో బీచ్ నుంచి తాంబరానికి కరెంటు రైలు నడిచింది. మరుసటి ఏడు, 1932 అక్టోబరులో, టాటా వాళ్ళ మొదటి టపా విమానం కరాచీలో బయల్దేరింది. ఆ టపా బొంబాయి, బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. ఇటు రైలు, అటు విమానం, మధ్యలో మన ఊళ్ళు. అన్నీ కలిసే పెరిగాయి.

కానీ పెత్తనం కలిసి పెరగలేదు. ఎయిర్‌పోర్టు ఢిల్లీ వాళ్ళది. 1995 ఏప్రిల్ 1 నుంచి భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చేతిలో ఉంది. గోడకి బయట చూడండి. మీనంబాక్కం, మణపాక్కం 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిశాయి. పల్లావరం, పమ్మల్, అనకాపుత్తూరు మునిసిపాలిటీలు 2021లో తాంబరం కార్పొరేషన్‌లోకి పోయాయి. పొళిచలూరు, కౌల్ బజార్, తిరుసూలం అప్పుడు కూడా గ్రామ పంచాయతీలుగానే ఉండిపోయాయి. ఇవి కాక పరంగిమలై, పల్లావరం కంటోన్మెంటు బోర్డు ఒకటి, అది రక్షణ శాఖ కింద. ఒకే ఎయిర్‌పోర్టు, ఒకే మోత, ఒకే వరద. అడగాల్సిన ఆఫీసులు మాత్రం అయిదారు.

దీని ఫలితం ఏమిటో 2015 డిసెంబరులో తెలిసింది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. అడయారు పొంగింది. మన ఎయిర్‌పోర్టు రెండో రన్‌వే అడయారు మీద వంతెన కట్టి వేసినదే. రన్‌వే మునిగింది, 6వ తేదీ దాకా విమానాలు లేవు. ఆ సంగతి దేశమంతా టీవీలో చూసింది. మా వీధిలో నడుము లోతు నీళ్ళున్న సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. పక్కింటి అవ్వని నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోశాం. నీళ్ళు దిగాక మహజరు రాశాను. కాలవ మాది కాదని ఒక ఆఫీసు జవాబిచ్చింది. పై వాళ్ళకి పంపామని రెండో ఆఫీసు రాసింది. మూడోది జవాబే ఇవ్వలేదు. ఆ అవ్వ ఇప్పుడు లేదు. కాగితాలు పెట్టెలో ఉన్నాయి.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కాగితాలే మళ్ళీ చదివితే సగం తప్పు నాదే అనిపిస్తోంది. ముప్పై ఏళ్ళు రైల్వేలో గుమాస్తాగా చేసినవాణ్ణి. చీటీలో చేరాల్సిన స్టేషన్ పేరు తప్పు రాస్తే సరుకు ఎక్కడికో పోతుందని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్పినవాణ్ణి. నా మహజరులో మాత్రం నది, కాలవ, రన్‌వే, చెత్త అన్నీ ఒకే కాగితంలో కట్టి పంపాను. చదివిన ప్రతి ఆఫీసుకీ తమది కాని సంగతి ఒకటి దొరికింది.

అందుకే నా మాట ఇది. కోరికలు విడదీద్దాం, వరసలో పెడదాం.

మొదటిది నీళ్ళు. ఇందులోనే మూడు కాగితాలు కావాలి. అడయారు పూడిక జలవనరుల శాఖకి, వీధి కాలవ కార్పొరేషన్‌కో పంచాయతీకో, ఎయిర్‌పోర్టు గోడ లోపలి నుంచి వచ్చే నీటి దారి ప్రాధికార సంస్థకి. మూడింటికీ ఒకే పటం జత చేయాలి. 2015లో ఏ ఇంట్లో ఎంత ఎత్తు నీళ్ళు నిలిచాయో గోడల మీద మరకలు పోకముందే కొలిచి రాసుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. ఆ లెక్కలు బయటికి తీయండి.

రెండోది చెత్త. ఇది మురికి గొడవ మాత్రమే కాదు. 1937 విమాన నియమాల్లో 91వ నియమం ప్రకారం ఎయిర్‌పోర్టు నుంచి 10 కిలోమీటర్ల లోపల పక్షుల్ని రప్పించే చెత్త పారేయకూడదు. పక్షి తగిలితే విమానానికే ముప్పు. పల్లావరం పెద్ద చెరువుని రేడియల్ రోడ్డు రెండు ముక్కలు చేసింది, ఏళ్ళ తరబడి అందులో చెత్త పోశారు. కంపు కొడుతోందని మనం అరిచాం. విమాన భద్రత అని రాసి ఉంటే ఢిల్లీ కూడా మన పక్కన నిలబడాల్సి వచ్చేది.

మూడోది ఇంటి ఎత్తు. 2015 నియమాల తర్వాత రంగుల పటం ఉంది. ఎర్ర రంగు జాగాలో ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం తప్పదు. మిగతా రంగుల్లో చూపిన ఎత్తు దాకా స్థానిక సంస్థే పర్మిషన్ ఇవ్వచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ ఎత్తు నేల నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి. స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద రాసుంటుందే, ఆ లెక్క. పటంలో 30 మీటర్లు అని ఉండి మీ నేల 15 మీటర్ల మీద ఉంటే మీరు కట్టగలిగేది 15 మీటర్లే. ఇది తెలియక బ్రోకర్లకి డబ్బు పోసినవాళ్ళున్నారు. ఈ పటం ప్రతి వార్డు ఆఫీసులో గోడకి తమిళంలో తగిలించమని అడుగుదాం. ఖర్చు లేని కోరిక, కాదనడం కష్టం.

నాలుగోది మోత. 2018లో కేంద్రం హద్దులు పెట్టింది. ఏడాదికి 50,000 కన్నా ఎక్కువ విమానాలు వచ్చిపోయే ఎయిర్‌పోర్టు దగ్గర పగలు 70, రాత్రి 65 డెసిబెళ్ళు. మన మీనంబాక్కం ఆ వరసలోదే. మోత ఆపండి అంటే ఎవరూ ఆపరు. మా బడి దగ్గర, ఆస్పత్రి దగ్గర కొలిచి లెక్క బయట పెట్టండి అని అడిగితే జవాబు చెప్పాలి.

తెలుగు బోర్డు? నాకూ కావాలి. తమిళంలో చదువుకున్నవాడికి ఆ కోరిక ఇంకా ఎక్కువ. కానీ దాన్ని పై నాలుగింటితో కలపద్దు. కాలవ, చెత్త మన ఒక్కరివి కావు. పక్కింటి తమిళ కుటుంబం, ఎదురింటి ముస్లిం కుటుంబం కూడా అదే నీళ్ళలో నిలబడ్డారు. వాళ్ళ సంతకాలు కూడా ఆ కాగితం మీద ఉండాలి. బోర్డు కోసం మన సంఘం పేరుతో వేరే కాగితం రాద్దాం.

ఎక్కడ ఇవ్వాలి? పంచాయతీల్లో గ్రామసభ ఏడాదికి ఆరుసార్లు: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. కార్పొరేషన్ వార్డుల్లో ఏరియా సభలున్నాయి. 2022లో పరందూరులో కొత్త ఎయిర్‌పోర్టు ప్రకటించగానే ఏకనాపురం జనం గ్రామసభలో వద్దని తీర్మానాలు చేశారు, మళ్ళీ మళ్ళీ చేశారు. అక్కడ ఎయిర్‌పోర్టు కావాలా వద్దా అన్నది నేను తేల్చే విషయం కాదు. కానీ వాళ్ళు ఏమన్నారో రికార్డులో ఉంది, అనలేదని ఎవరూ చెప్పలేరు. నూరేళ్ళుగా ఇక్కడున్న మనం ఒక్క సభలో లేచి నిలబడి, మన మాట తీర్మానంగా రాయించిన గుర్తు నాకు లేదు.

వచ్చే సభకి నేను పోతాను. పటం, నీటి లెక్కలు పట్టుకెళ్తాను. మీలో ఒక్కో వీధి నుంచి ఇద్దరు వస్తే చాలు. మాట్లాడాక సంతకం పెట్టే ముందు మినిట్స్ పుస్తకం అడిగి చదవండి. మన మాట అందులో ఎక్కిందో లేదో చూసుకోవాలి.

ఇంత పొడుగ్గా రాసినందుకు మన్నించండి. 2015 నాటి ఫోటోలు, కొలతలు ఎవరి దగ్గరున్నా నాకు చేర్చండి.