పని ఎందుకు పోయిందో రుజువు చేయాలి: అమెరికాలో వాణిజ్య సర్దుబాటు సాయం

2003 జూలై 30న నార్త్ కరొలినాలోని కనాపొలిస్ పట్టణంలో పిల్లోటెక్స్ మిల్లు మూతపడింది. తువ్వాళ్లు, పక్కదుప్పట్లు తయారుచేసే ఆ మిల్లు చుట్టూనే ఊరు పెరిగింది. కంపెనీ మొత్తం మీద సుమారు 6,450 మందికి పని పోయింది. వారిలో ఎక్కువమంది ఆ రాష్ట్రంవారే. ఒక్కసారిగా ఇంతమంది రోడ్డున పడటం నార్త్ కరొలినా అంతకుముందు చూడలేదు. వీరిలో హైస్కూలు చదువైనా పూర్తికాకుండానే మిల్లులో చేరి, అక్కడే నడివయసుకు చేరినవారు చాలామంది. విదేశీ దిగుమతుల పోటీవల్ల పని పోయినవారిగా గుర్తించి, ఫెడరల్ ప్రభుత్వం వీరికి ‘వాణిజ్య సర్దుబాటు సాయం’ అందించింది.

ఈ సాయం వెనుక ఉన్న ఆలోచన న్యాయమైనది. విదేశీ సరుకు చౌకగా వస్తే ఆ లాభం దేశమంతటికీ అందుతుంది. నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీదే పడుతుంది. కాబట్టి లాభంలో కొంత నష్టపోయినవారికి చేరాలి. ఉక్కు కార్మికుల సంఘం అధ్యక్షుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ 1954లోనే ఈ ప్రతిపాదన చేశారు. కెనడీ హయాంలో 1962 నాటి వాణిజ్య విస్తరణ చట్టంతో అది అమల్లోకి వచ్చింది.

అయితే ఆ చట్టంలో ఒక మెలిక ఉండేది. సుంకం తగ్గించడమే దిగుమతులు పెరగడానికి ప్రధాన కారణమని తేలాలి. ఆ దిగుమతులే ఉద్యోగం పోవడానికి ప్రధాన కారణమనీ తేలాలి. ఈ రెండు గడపలూ దాటలేక 1969 దాకా ఒక్క కార్మికుడు కూడా అర్హత పొందలేదు. పని పోయినవాడికి ఏడేళ్ల నిరీక్షణ అంటే ఇల్లు పోవడం, పిల్లల చదువులు ఆగిపోవడం. 1974 చట్టం ఈ షరతును సడలించి, దిగుమతుల పాత్ర చెప్పుకోదగినంత ఉంటే చాలంది. 1980లో కార్ల పరిశ్రమ కుదేలైనప్పుడు లక్షలమంది ఈ సాయం అందుకున్నారు. ఖర్చు దాదాపు 160 కోట్ల డాలర్లకు చేరింది. మరుసటి ఏడాదే రీగన్ ప్రభుత్వం కోత పెట్టింది.

ముగ్గురు కార్మికులు కలిసి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. యూనియన్ గానీ కంపెనీ గానీ పెట్టినా చెల్లేది. కార్మిక శాఖ విచారించి అర్హత తేల్చేది. ఇటీవలి నిబంధనల ప్రకారం, అర్హత దొరికిన వ్యక్తి కొత్త పని నేర్చుకుంటూ ఉంటే నిరుద్యోగ భృతితో కలిపి 130 వారాల దాకా జీవనభృతి, శిక్షణ ఖర్చు అందేవి. యాభై దాటినవారు తక్కువ జీతానికి చేరితే పాత, కొత్త జీతాల తేడాలో సగం ప్రభుత్వం ఇచ్చేది. రెండేళ్లలో దీని గరిష్ఠ పరిమితి 10,000 డాలర్లు.

రుజువు షరతు ఎంత దూరం తీసుకెళ్లగలదో ఐటీ సంస్థ కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ మాజీ ఉద్యోగుల కేసు చూపిస్తుంది. హైదరాబాద్‌లో ఐటీ కొలువులు పెరుగుతున్న ఏళ్లవి. తమ పని భారతదేశానికి తరలిపోయిందని వారు దరఖాస్తు పెట్టారు. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించే వస్తువు కాదు గనుక సాయం లేదని కార్మిక శాఖ తోసిపుచ్చింది. వారు అమెరికా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానానికి వెళ్లాల్సి వచ్చింది. శాఖ 2006లో తన వైఖరి మార్చుకుంది. సేవారంగానికి చట్టం తలుపు తెరిచింది 2009లోనే.

ఈ సాయం ఎంత పలచగా అందిందో ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. ఒక ప్రాంతంలో కార్మికుడికి వెయ్యి డాలర్ల చొప్పున చైనా దిగుమతుల పోటీ పెరిగితే, అక్కడ ఈ పథకం చెల్లింపులు తలకు 23 సెంట్లు మాత్రమే పెరిగాయి. అదే వైకల్య భృతి 8 డాలర్లకు పైగా పెరిగింది. కొత్త పనికి దారి చూపే సాయం కన్నా, పని ప్రపంచం నుంచి శాశ్వతంగా తప్పించే భృతి ఎన్నో రెట్లు ఎక్కువగా అందిందన్నమాట. ఈ అంకెలు చదివి కలత పడకుండా ఉండటం కష్టం.

శిక్షణ ఫలితాల మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. ప్రభుత్వం చేయించిన ఒక మూల్యాంకనం ప్రకారం, సాయం పొందినవారి సంపాదన నాలుగేళ్ల తర్వాత కూడా పొందనివారి కన్నా తక్కువే. ఆర్థికవేత్త బెంజమిన్ హైమన్ మరో దారి పట్టారు. అర్హత తేల్చే అధికారుల్లో కొందరు ఉదారులు, కొందరు కఠినులు. ఆ తేడా ఆధారంగా లెక్కగడితే, శిక్షణ పొందినవారు పదేళ్లలో సుమారు 50,000 డాలర్లు అదనంగా సంపాదించారు. రెండో పద్ధతిలో ఒకే రకం కార్మికుల మధ్య పోలిక సాధ్యమవుతుంది గనుక దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. అయితే ఆ లాభం కూడా ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతుందని హైమనే చూపించారు.

కాంగ్రెస్ పొడిగించకపోవడంతో 2022 జూలై 1 నుంచి కొత్త దరఖాస్తులకు అర్హత ఇవ్వడం ఆగిపోయింది. షరతులు సరిదిద్దాల్సిన చోట సాయాన్నే ఆపేశారు.

వాణిజ్యం దెబ్బ ఇటు కూడా తగులుతుంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఎగుమతిదారులు, రైతులు గగ్గోలు పెట్టారు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్యల తొక్క ఒలిచే ఆడవాళ్ల కూలి కూడా ఆ ఎగుమతుల మీదే ఆధారపడి ఉంది. పని పోయినవారి కోసం మన దేశంలో 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో పునర్నైపుణ్య నిధి ఉంది. పని నుంచి తొలగించిన ప్రతి కార్మికుడికీ యజమాని 15 రోజుల వేతనాన్ని ఆ నిధికి జమచేయాలి. తొలగింపునకు కారణం విదేశీ వాణిజ్యమా, యంత్రమా అని ఈ నిధి అడగదు. అమెరికా చట్టం అరవై ఏళ్లలో చేయలేకపోయిన మంచి పని అది. కానీ 15 రోజుల వేతనంతో ఏ కార్మికురాలూ మరో వృత్తి నేర్చుకోలేదు. పైగా కాంట్రాక్టరు కింద రోజుకూలీకి వెళ్లే మనిషికి రేపటి నుంచి రావద్దంటే, అది తొలగింపుగా కాగితం మీదికి ఎక్కడమే అరుదు.