మంచుకొండ మీద రిసార్టు.. రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ బిల్లు ఎవరు కడతారు?

మీరు చలికాలం సెలవులకు గుల్మార్గ్ వెళ్లారనుకుందాం. గొండోలా టికెట్ కొన్నారు, హోటల్ బిల్లు కట్టారు, స్కీ గైడ్‌కు డబ్బులిచ్చారు. మీ వైపు నుంచి లెక్క పూర్తయింది. కానీ మీ కారు ఎక్కిన ఘాట్ రోడ్డు, తెల్లారేసరికి దాని మీద మంచు తొలగించిన యంత్రం, గదిలో నల్లా నీళ్లు, బాత్రూం నుంచి పోయిన మురుగు... వీటి ఖర్చు ఎవరు పెట్టారు?

ప్రపంచంలో స్కీ రిసార్టు పెరిగిన ప్రతిచోటా ఈ ప్రశ్న వచ్చింది. దీనికి సరైన సమాధానం వెతుక్కున్న ఊళ్లు నిలబడ్డాయి. వెతుక్కోని చోట అప్పు సాధారణ ప్రజల నెత్తిన పడింది. కెనడాలోని విస్లర్ అనుభవం ఆధారంగా ఈ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

అసలు సమస్య ఏంటి?

మామూలు ఊళ్లో ఎంతమంది ఉంటారో అంతమందికి నీళ్లు, డ్రైనేజీ, రోడ్లు కావాలి. ఇంటి పన్ను కట్టేదీ వాళ్లే, వాడుకునేదీ వాళ్లే. రిసార్టు ఊరి పరిస్థితి వేరు. విస్లర్‌లో 2021 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది సుమారు 14 వేల మంది. రద్దీ రోజుల్లో ఊళ్లో ఉండే జనం అంతకు కొన్ని రెట్లు.

పైపులు, పంపులు, మురుగు శుద్ధి ప్లాంటు సైజు నిర్ణయించేది ఆ రద్దీ రోజే. క్రిస్మస్ వారంలో ప్లాంటు పొంగితే, మిగతా నెలల్లో బాగానే ఉందని సర్దుకోవడం కుదరదు. అంటే ఏడాదిలో కొన్ని వారాల కోసం పెద్ద ప్లాంటు కట్టాలి, ఏడాది పొడవునా దాన్ని నడపాలి, అప్పుకు వడ్డీ కట్టాలి. ఈ భారమంతా స్థానికుల ఇంటి పన్ను మీద వేస్తే వాళ్లు తట్టుకోలేరు.

మరి లిఫ్టులు నడిపే కంపెనీ పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చాలాచోట్ల కంపెనీ కొండ మీద లిఫ్టులు, స్కీ బాటల ఖర్చు భరిస్తుంది. కొండ కింద ఊరు మాత్రం అందరిదీ. అక్కడ హోటళ్లు, దుకాణాలు, ఇళ్లు వేర్వేరు యజమానులవి. ఒక్క కంపెనీ డ్రైనేజీ వేస్తే మిగతావాళ్లంతా ఉచితంగా వాడుకుంటారు. అందుకే ఎవరూ ముందుకు రారు. ఆ ఖాళీలోకి ప్రభుత్వం రాక తప్పదు.

చెత్త డంపింగ్ యార్డు మీద ఊరు

విస్లర్ వాంకూవర్‌కు ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఉంది. 1960ల మొదట్లో కొందరు వ్యాపారులు అక్కడ వింటర్ ఒలింపిక్స్ జరపాలని కలగన్నారు. అప్పటికి ఆ లోయకు సరైన రోడ్డు, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ ఏవీ లేవు. ఒలింపిక్స్ రాలేదు కానీ 1966లో స్కీ లిఫ్టులు మొదలయ్యాయి.

ఆ వెంటనే లోయలో ఇళ్లు, లాడ్జీలు ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టేశారు. ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లదే. దాంతో చెరువుల నీళ్లు పాడవుతాయన్న భయం పట్టుకుంది. 1974లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త నిర్మాణాలను కొంతకాలం ఆపేసింది. 1975లో విస్లర్ కోసమే ప్రత్యేక చట్టం తెచ్చి దాన్ని 'రిసార్టు మున్సిపాలిటీ'గా ప్రకటించింది. కెనడాలో అలాంటి మున్సిపాలిటీ అదే మొదటిది. ఎన్నికైన సభ్యులతో పాటు రాష్ట్రం నియమించిన సభ్యుడు కూడా తొలి కౌన్సిల్‌లో ఉన్నారు. డబ్బు పెడుతున్నది రాష్ట్రం కాబట్టి లెక్క చూసేందుకు తన మనిషిని కూర్చోబెట్టిందన్నమాట.

ఊరి నడిబొడ్డు కోసం ఎంచుకున్న స్థలం అప్పటిదాకా చెత్త డంపింగ్ యార్డు. అది ప్రభుత్వ భూమి. దాన్ని మున్సిపాలిటీ చేతికిచ్చారు. అసలు లెక్క ఇక్కడే మొదలైంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

విస్లర్ వాడిన, ఇప్పటికీ వాడుతున్న దారులు ఇవి.

1. భూమి అమ్మకం: మున్సిపాలిటీ తన కింద ఒక ల్యాండ్ కంపెనీ పెట్టింది. డంపింగ్ యార్డు స్థలాన్ని ప్లాట్లుగా చేసి హోటళ్లు కట్టేవాళ్లకు అమ్మి, ఆ డబ్బుతో రోడ్లు, పైపులైన్లు, పార్కింగ్ కట్టాలన్నది ప్లాన్. రోడ్డు, డ్రైనేజీ వస్తే భూమి ధర పెరుగుతుంది. పెరిగిన ధరలోంచే వాటి ఖర్చు రాబట్టాలి. అమరావతి ప్లాన్ గురించి చదివినవాళ్లకు ఈ తర్కం తెలిసే ఉంటుంది.

2. గది అద్దె మీద పన్ను: బ్రిటిష్ కొలంబియాలో స్థానిక సంస్థలు కోరితే హోటల్ గది అద్దె మీద గరిష్ఠంగా 3 శాతం దాకా అదనపు పన్ను వేయొచ్చు. వంద డాలర్ల అద్దెకు 3 డాలర్లు. రాష్ట్రం వసూలు చేసి ఊరికి పంపుతుంది. అయితే ఈ డబ్బును ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. టూరిజం ప్రచారానికి, టూరిజం పనులకే వాడాలి. ఉద్యోగులకు ఇళ్లు దొరక్క ఇబ్బందులు పెరగడంతో, 2018 నుంచి అందుబాటు ధర ఇళ్లకూ వాడేందుకు అనుమతించారు.

3. రాష్ట్రం వాటా: టూరిస్టులు పెట్టే ఖర్చు మీద పన్నుల్లో ఎక్కువ భాగం పైప్రభుత్వాలకే పోతుంది. ఊరికి మిగిలేది చెత్త, ట్రాఫిక్. అందుకే 2006 నుంచి రిసార్టు మున్సిపాలిటీలకు రాష్ట్రం ప్రత్యేక గ్రాంటు ఇస్తోంది. ఈ పథకంలో విస్లర్‌తో కలిపి 14 ఊళ్లున్నాయి.

4. వ్యాపారుల చందా: రిసార్టు ప్రాంతంలో ఆస్తి ఉన్నవాళ్లు టూరిజం సంఘంలో తప్పనిసరిగా సభ్యులవ్వాలి, చందా కట్టాలి. ప్రచారం ఫలితం అందరికీ అందుతున్నప్పుడు ఖర్చు కొందరి మీదే పడకూడదన్నది ఉద్దేశం.

5. వాడుక చార్జీలు, ఇంటి పన్ను: నీళ్లు, డ్రైనేజీ రోజువారీ నిర్వహణకు ప్రధానంగా ఇవే ఆధారం.

ఇంకో దేశంలో ఇంకో దారి. అమెరికాలోని కొలరాడోలో టెల్యూరైడ్, మౌంటెన్ విలేజ్ అనే రెండు ఊళ్ల మధ్య 1996 నుంచి గొండోలా నడుస్తోంది. ఎక్కడానికి టికెట్ లేదు. మౌంటెన్ విలేజ్‌లో ఆస్తి చేతులు మారిన ప్రతిసారీ ధర మీద వసూలు చేసే 3 శాతం రుసుమే దానికి ప్రధాన ఆధారంగా నిలిచింది. ఇళ్లు బాగా అమ్ముడైన ఏడు ఫర్వాలేదు. అమ్మకాలు పడిపోతే గొండోలా ఖర్చు తగ్గదు కానీ రాబడి తగ్గుతుంది.

పెద్ద రోడ్డు మాత్రం ఊరి స్థాయికి మించిన ఖర్చు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ముందు, వాంకూవర్ నుంచి విస్లర్ వెళ్లే హైవే విస్తరణకు సుమారు 60 కోట్ల కెనడా డాలర్లు పెట్టారు. ప్రైవేటు సంస్థ కట్టి, నిర్వహిస్తే రాష్ట్రం ఏళ్ల తరబడి చెల్లించే పద్ధతిలో ఆ పని జరిగింది. టోల్ గేటు పెట్టలేదు. అంటే స్కీ ముఖం చూడని రాష్ట్ర ప్రజలు కూడా ఆ రోడ్డుకు వాటా కట్టారు. ఆ దారిలో ఉన్న మిగతా ఊళ్లకూ మేలు జరిగింది కదా అన్నది ప్రభుత్వ వాదన.

ప్లాన్ తలకిందులైతే?

భూమి అమ్మి ఊరు కట్టే ప్లాన్‌కు ఒక బలహీనత ఉంది. భూమి అమ్ముడుపోవాలి. 1981లో కెనడాలో బ్యాంకు వడ్డీలు 20 శాతం దాటాయి. కొనేవాళ్లు ఆగిపోయారు. మొదలుపెట్టిన భవనాలు సగంలో నిలిచిపోయాయి. మున్సిపాలిటీ ల్యాండ్ కంపెనీకి రాబడి ఆగింది, అప్పు మిగిలింది.

1983లో రాష్ట్ర ప్రభుత్వం దిగి ఆ కంపెనీ అప్పులతో పాటు మిగిలిన భూములనూ తీసుకుంది. సగంలో ఆగిన క్రీడా భవనాన్ని కాన్ఫరెన్స్ సెంటర్‌గా మార్చి పూర్తి చేసింది. తర్వాత మార్కెట్ కోలుకుంది, భూములు అమ్ముడయ్యాయి. ప్రభుత్వం చేయి పట్టుకోకపోతే ఆ ఊరి కథ వేరేలా ఉండేది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రాష్ట్రం అప్పు ఒక్కటే తీసుకుని భూమి వదిలేయలేదు. నష్టం మోసినప్పుడు తర్వాతి లాభంలోనూ వాటా దక్కేలా చూసుకుంది.

అన్ని కథలూ ఇలా ముగియవు. దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో ఆల్పెన్సియా స్కీ రిసార్టును గాంగ్వాన్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే కట్టింది. 2018 వింటర్ ఒలింపిక్స్ పోటీలు కొన్ని అక్కడే జరిగాయి. ఖర్చు సుమారు 1.6 లక్షల కోట్ల వాన్‌లు. విల్లాలు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. అప్పు, వడ్డీ ఏళ్ల తరబడి ఆ సంస్థను పీడించాయి. చివరికి 2021లో సుమారు 71 వేల కోట్ల వాన్‌లకు అమ్మేందుకు ఒప్పందం కుదిరింది. పెట్టినదాంట్లో సగం కూడా రాలేదు.

రెండు చోట్లా ప్లాన్ ఒకటే: ముందు అప్పు చేసి కట్టడం, ఆస్తులు అమ్మి తీర్చడం. విస్లర్‌లో భూమి చేతిలో ఉంచుకుని మార్కెట్ కోలుకునేదాకా ఆగే శక్తి రాష్ట్రానికి ఉంది. గాంగ్వాన్‌లో కట్టేసిన విల్లాలు ఖాళీగా ఉన్నా వాటి మీద వడ్డీ, నిర్వహణ ఖర్చు ఆగలేదు.

ఎంత పెరగాలి? ఎవరు ఎక్కడ ఉండాలి?

రిసార్టు పెరిగేకొద్దీ పైపులు మార్చాలి, ప్లాంటు పెంచాలి. అందుకే విస్లర్ 'బెడ్ యూనిట్' అనే కొలత పెట్టుకుంది. ఒక మనిషికి కావాల్సిన నీళ్లు, డ్రైనేజీ వంటి సేవల అంచనాకు అది ఒక యూనిట్. ఊరి మొత్తానికి ఇన్ని యూనిట్లే అని పరిమితి ఉంది. కొత్త హోటల్‌కు అనుమతి ఇచ్చేముందు ఆ లెక్క చూస్తారు.

ఇంకో చిక్కు, పనివాళ్ల ఇళ్లు. టూరిజం పెరిగితే ఇళ్ల ధరలు పెరుగుతాయి. గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, లిఫ్టు సిబ్బంది అక్కడ ఉండలేక దూరం నుంచి రావాలి. అందుకే వ్యాపార భవనం కట్టేవాళ్లు తమవల్ల పెరిగే ఉద్యోగులకు ఇళ్లు కట్టివ్వాలని, లేదా దానికి రుసుము కట్టాలని విస్లర్ నిబంధన పెట్టింది. 1997లో హౌసింగ్ అథారిటీ ఏర్పాటైంది. అద్దె, అమ్మకం ధర రెండింటి మీదా నియంత్రణ ఉంటుంది. ఊళ్లో పనిచేసేవాళ్లలో కనీసం 75 శాతం మంది ఊళ్లోనే ఉండాలన్నది లక్ష్యం. 2010 ఒలింపిక్స్ క్రీడాకారులకు కట్టిన కాలనీని కూడా తర్వాత ప్రధానంగా స్థానిక ఉద్యోగుల ఇళ్లుగా మార్చారు. అంత ప్రయత్నం చేసినా ఇళ్ల కొరత తీరలేదు.

2016లో అమెరికా కంపెనీ వెయిల్ రిసార్ట్స్ ఇక్కడి లిఫ్టుల వ్యాపారాన్ని సుమారు 140 కోట్ల కెనడా డాలర్లకు కొంది. కొండ మాత్రం ప్రభుత్వ భూమే, కంపెనీది దీర్ఘకాల ఒప్పందం. లిఫ్టుల యజమాని మారినా ఊరి పైపులు, రోడ్లు ఎక్కడికీ పోవు. వాటి అప్పు, మరమ్మతులు ఊరివే.

మన దేశంలో ఎలా?

గుల్మార్గ్‌లో పరిస్థితి తిరగేసి ఉంటుంది. అక్కడ లిఫ్టే ప్రభుత్వానిది. జమ్మూకశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ ప్రభుత్వ సంస్థ. 1998లో గొండోలా మొదటి దశ, 2005లో రెండో దశ మొదలయ్యాయి. మీరు కొనే టికెట్ డబ్బు ఆ సంస్థకు చేరుతుంది. హోటళ్లు ఎక్కువగా ప్రైవేటువి. అంటే లాభం తెచ్చే లిఫ్టు ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ లాభంలో ఎంత భాగం తిరిగి ఆ కొండ మీద డ్రైనేజీకి, చెత్తకు, భద్రతకు వెళ్తుందన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న.

మనకు మంచుకొండలు లేకపోవచ్చు. కానీ లేఅవుట్ అనుమతికి డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు కట్టినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. సౌకర్యం వల్ల ఎవరి ఆస్తి విలువ పెరిగిందో వాళ్ల దగ్గర ఖర్చులో కొంత రాబట్టడమే దాని సారాంశం.

మీరు ఏం అడగాలి?

ఏ కొండ మీదైనా 'టూరిజం ప్రాజెక్టు' అని ప్రభుత్వం ప్రకటిస్తే ఈ అయిదు విషయాలు చూడండి.

* నీళ్లు, డ్రైనేజీ ఎంతమంది కోసం కడుతున్నారు? స్థానిక జనాభాకా, రద్దీ రోజుకా?
* అప్పు తీర్చేది దేనితో? భూమి అమ్మకమే ఆధారమైతే, అమ్ముడుపోకపోతే ఎవరు కడతారు?
* టూరిస్టు కట్టే పన్నులో ఆ ఊరికి వచ్చేదెంత?
* కట్టడానికే డబ్బుందా? ముప్పై ఏళ్ల నిర్వహణకూ ఉందా? మంచు తగ్గి సీజన్ కుదించుకుపోతే ఆ లెక్క నిలబడుతుందా?
* అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడ ఉంటారు?

శంకుస్థాపన రోజు వినిపించేది ప్రాజెక్టు మొత్తం ఎంతన్నదే. ఆ బిల్లు ఎవరి ఇంటికి వస్తుందో ఈ అయిదింటికి వచ్చే జవాబుల్లో తెలుస్తుంది.