తెలంగాణలో కుష్ఠువ్యాధి నివారణ సిబ్బంది

కుష్ఠువ్యాధిని గుర్తించి, చికిత్స జరిపించి, రోగికి అంగవైకల్యం రాకుండా చూసే వైద్యులు, పారామెడికల్ ఉద్యోగులు, ఆరోగ్య కార్యకర్తలను కుష్ఠువ్యాధి నివారణ సిబ్బంది అంటారు. ఈ వ్యాధి నిర్ధారణ యంత్రాల కంటే పరీక్షించేవారి కంటిచూపు, చేతి అనుభవం మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందువలన అనుభవజ్ఞుల నుండి కొత్తవారికి ఈ పరిజ్ఞానం అందడం నివారణ కార్యక్రమానికి ముఖ్యమైన అవసరం.

వ్యాధి - గుర్తింపు

ఈ వ్యాధికి కారణమైన మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. అందుచేత దీనిని హాన్సెన్ వ్యాధి అని కూడా అంటారు. సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు కనబడడానికి సగటున 5 సంవత్సరాలు పడుతుంది. కొందరిలో 20 సంవత్సరాలు కూడా పట్టవచ్చు.

స్పర్శ లేని మచ్చ దీని ముఖ్య లక్షణం. మచ్చకు నొప్పి గాని, దురద గాని ఉండదు కనుక రోగి దానిని పట్టించుకోడు. మోచేతి వద్ద, మోకాలి పక్కన ఉండే నరాలు ఉబ్బడం మరొక లక్షణం. నరం దెబ్బతింటే వేళ్ళు వంకరపోవడం, పాదం జారిపోవడం, కన్ను మూతపడకపోవడం వంటి వైకల్యాలు వస్తాయి. మందులు సూక్ష్మజీవులను చంపుతాయి గాని, చాలాకాలం క్రితమే చచ్చుబడిన నరాన్ని తిరిగి బాగుచేయలేవు. కనుక వ్యాధిని ఎంత త్వరగా గుర్తించారన్నదే రోగి భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

చరిత్ర

నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఈ వైద్యానికి ప్రధాన కేంద్రం నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లి. స్కాట్లాండు నుండి వచ్చిన మెథడిస్టు మిషనరీలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో ఇక్కడ విక్టోరియా ఆసుపత్రిని ప్రారంభించారు. ఆ రోజులలో చాల్మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. ఇక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లోవ్ తరువాత కలకత్తాలోను, నైజీరియాలోను పనిచేశాడు. డాప్సోన్‌ను నోటిమాత్రగా ఇవ్వవచ్చునని నిరూపించినవారిలో ఆయన ముఖ్యుడు. 1958లో రాణీ కుముదినీ దేవి హైదరాబాదులోని కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించింది.

1951లో ఏర్పడిన గాంధీ స్మారక కుష్ఠు సంస్థ సర్వే, విద్య, చికిత్స అనే మూడంచెల పద్ధతిని రూపొందించింది. 1955లో మొదలైన జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం ఈ పద్ధతిని అనుసరించింది. శిక్షణ పొందిన పారామెడికల్ ఉద్యోగి తనకు కేటాయించిన గ్రామాలలో ఇంటింటికీ తిరిగి అందరినీ పరీక్షించేవాడు. ఏళ్ళ తరబడి ఈ ఒక్క పనే చేయడం వలన వారికి మంచి నైపుణ్యం అలవడింది.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 1983లో భారత ప్రభుత్వం కార్యక్రమం పేరును జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంగా మార్చింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద వ్యాధిగ్రస్తుల సంఖ్య ప్రతి 10,000 మందికి ఒకరి కంటే తక్కువకు చేరింది.

సాధారణ ఆరోగ్య సేవలలో విలీనం

2005కు ముందే ప్రత్యేక కుష్ఠు విభాగాల పనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు అప్పగించడం మొదలైంది. దీని వలన రోగికి మందులు ఊరి దగ్గరే దొరికాయి. ప్రత్యేక ఆసుపత్రికి వెళ్ళవలసిన అవసరం, దాని వలన కలిగే అవమానం తగ్గాయి. అయితే ఇంటింటి సర్వే ఆగిపోయింది. అనేక వ్యాధులు చూసే వైద్యుని వద్దకు కుష్ఠు రోగి అరుదుగా వస్తాడు కనుక, తొలిదశలోని మచ్చను తామర అనో, శోభి అనో పొరబడే అవకాశం పెరిగింది. సందేహాలు తీర్చడానికి, కొత్తవారికి శిక్షణ ఇవ్వడానికి జిల్లా స్థాయిలో ఒక చిన్న ప్రత్యేక బృందాన్ని ఉంచారు.

పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మూడింటిలోను పని పరిస్థితులు వేరు. జనగామ మెట్టప్రాంతం. ఇక్కడివారు ఉపాధికి హైదరాబాదు వెళ్తూ ఉంటారు కనుక మధ్యలో చికిత్స ఆగకుండా చూడాలి. మహబూబాబాద్‌లో లంబాడా తండాలు, కోయ గూడేలు దూరదూరంగా ఉంటాయి. భూపాలపల్లి జిల్లాకు గోదావరి అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ ఈ వ్యాధి ఎక్కువ. నదికి రెండువైపులా రాకపోకలు ఉన్నందున ఒక్క జిల్లా లెక్కలు చూసి వ్యాధి తగ్గిందని చెప్పడానికి వీలులేదు.

మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

విధులు

* స్పర్శ లేని మచ్చలు గలవారిని గుర్తించి ఆరోగ్య కేంద్రానికి పంపడం. ఈ పని ప్రధానంగా ఆశా కార్యకర్తలది.
* మచ్చలు 5 లోపు ఉంటే 6 నెలలు, అంతకు మించి ఉంటే 12 నెలలు ఉచితంగా మందులు ఇప్పించడం.
* రిఫాంపిసిన్ వలన మూత్రం ఎర్రగా రావడం, క్లోఫాజిమిన్ వలన చర్మం నల్లబడడం మామూలేనని ముందుగానే చెప్పడం. చెప్పనిచో రోగి భయపడి మందులు మానివేస్తాడు.
* చికిత్స సమయంలోను, తరువాత కూడా కండరాల బలాన్ని, స్పర్శను పరీక్షించడం. నరం హఠాత్తుగా వాచి నొప్పి పెడితే వెంటనే వైద్యుని వద్దకు పంపాలి. సకాలంలో ప్రెడ్నిసొలోన్ ఇస్తే వైకల్యం తప్పుతుంది.
* రోగితో సన్నిహితంగా ఉండేవారిని పరీక్షించి, అర్హులకు ఒక మోతాదు రిఫాంపిసిన్ ఇవ్వడం.
* స్పర్శ లేని పాదాలను నీటిలో నానబెట్టి, నూనె రాసుకోవడం, మెత్తని చెప్పులు వాడడం నేర్పడం.

సామాజిక అంశాలు

మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులలోనే రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకడం ఆగిపోతుంది. అయినప్పటికీ వెలివేత భయంతో మచ్చను దాచేవారు ఉన్నారు. రోగులను నిర్బంధించడానికి వీలు కల్పించిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. 2019లో చేసిన చట్టసవరణతో ఈ వ్యాధి విడాకులకు కారణంగా చెల్లదు. గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30న భారతదేశంలో కుష్ఠు నివారణ దినం పాటిస్తారు. 2017 నుండి ఆ రోజున స్పర్శ్ పేరుతో గ్రామసభలలో అవగాహన కార్యక్రమాలు జరుపుతున్నారు.

ఇవి కూడా చూడండి

* కుష్ఠువ్యాధి
* డిచ్‌పల్లి
* ప్రాథమిక ఆరోగ్య కేంద్రం